చివరి పేజీలో తమ్ముడు

లండన్, కెంటిష్ టౌన్
14 అక్టోబరు 1973

ఈనిడ్ అక్కకి,

ఉద్యోగం దొరికింది. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతాది కుదురుగా కూర్చుని చదువుతావని మొదటే రాశాను.

'సైడ్ టూ' అని ఒక సంగీత వారపత్రిక. రికార్డుకి రెండో వైపు ఉంటుంది చూడు, ఎవరూ అంతగా తిప్పి వినని వైపు, దాని పేరే పెట్టుకున్నారు. సాయంత్రం కచేరీకి వెళ్ళడం, పొద్దున లేచి అది ఎలా ఉందో రాయడం, ఇదీ నా పని. దీనికి జీతం ఇస్తారంటే రేవు ఆఫీసులో నా పాత గుమాస్తా మిత్రులు నమ్మరు. నాకే నమ్మకం లేదు.

మొదటి వారం గిటార్లు వాయించే ఒక గుంపు కచేరీకి పంపారు. వాళ్ళ పాటలు మహా పొడుగు. "మొదటి పాట మొదలైనప్పుడు నేను నున్నగా గడ్డం గీసుకుని ఉన్నాను, అది అయ్యేసరికి మళ్ళీ గీసుకోవాల్సి వచ్చింది" అని రాశాను. ఎడిటర్ అది చదివి, చివరి పేజీ నాకు ఇచ్చేశాడు. వారం వారం ఏదో ఒకటి రాసి జనాన్ని నవ్వించాలట. దేని గురించైనా సరే.

గది కింది అంతస్తులో, వీధి వైపు. కిటికీ ముందే నా బల్ల, దాని మీద టైపు మిషను. గదిలో నేనూ అదీ తప్ప ఇంకెవరూ లేరు. పగలంతా నోరు విప్పకుండా గడిచిపోతోంది. కచేరీలో పక్కవాడితో మాట్లాడదామంటే వాడికి నా మాట, నాకు వాడి మాట వినబడవు. స్పీకర్ల పక్కన నిలబడేవాడే అసలైన విలేఖరి అని ఇక్కడివాళ్ళ లెక్క. ఇంటికొచ్చాక చెవుల్లో కెటిల్ కూత పెడుతున్నట్టుంటుంది. తెల్లారేసరికి పోతుందిలే.

బావ చేపల ఓడ ఎప్పుడొస్తోంది? ఐస్‌లాండు వాళ్ళ పడవలు మన వాళ్ళ వలలు కోసేస్తున్నాయని పేపర్లో చూశాను. జాగ్రత్తగా ఉండమను.

నీ పెంపకంలో చెడిపోయిన
రోలండ్


ఫ్లీట్‌వుడ్
25 నవంబరు 1973

ఒరేయ్ రోలీ,

నీ పత్రిక బాంబర్ గారి కొట్లో తెప్పించుకుంటున్నాను. ఈ ఊళ్ళో అది కొనేది పొడుగు జుట్టు కుర్రాళ్ళూ, నేనూ. "నీకీ వయసులో ఇదేం పిచ్చి ఈనిడ్?" అన్నాడు ఆయన. "చివరి పేజీ మా తమ్ముడు రాస్తాడండీ" అంటే, అక్కడే నిలబడి చదివి, నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇప్పుడు నాకంటే ముందు ఆయనే చదువుతున్నాడు. పేజీ మీద వేలిముద్రలు కూడా ఉంటున్నాయి.

మీ బావ మొన్న వచ్చాడు. మళ్ళీ ఓడెక్కేటప్పుడు ఆ పేజీలన్నీ చింపి పట్టుకుపోయాడు. ఆ పేజీల్లో మీ ఇంటి యజమానురాలు మిసెస్ పాగ్సన్ ఆ గిటారు వాడి ముందు సూపు గిన్నె పెట్టి "ముందు ఇది తాగు నాయనా, తర్వాత అరుద్దువుగాని" అంటుంది చూడు, అక్కడ మీ బావకి టీ ముక్కులోంచి వచ్చింది.

నిజం చెప్పనా, ఆవిడ గురించి చదివాక నా మనసు కుదుటపడింది. అమ్మ పోయినప్పటి నుంచీ నిన్ను ఎవరికీ అప్పజెప్పి ఎరగను. లండన్‌లో ఎలా బతుకుతావో అని బెంగగా ఉండేది. ఇంత అన్నం పెట్టే మనిషి దొరికింది కదా, చాలు. ఆవిడ కోసం పొగలో ఆరబెట్టిన హెర్రింగ్ చేపలు పంపుతున్నాను. నువ్వు పేజీలో రాసే ఆ రికార్డుల కొట్టు పిల్ల బెరిల్‌కి చేతి తొడుగులు అల్లాను. పాటలంటే పడని పిల్ల రికార్డులు అమ్మడమేమిట్రా? పిల్ల మంచిదేనా? ఎప్పుడు తీసుకొస్తావు?

తిండి మానకు.

అక్క


లండన్
27 డిసెంబరు 1973

అక్కా,

నీ పార్సెల్ అందింది. ఒక సంగతి చెప్పాలి.

మిసెస్ పాగ్సన్ లేదు. నేను కల్పించాను. ఈ ఇల్లు ఒక కంపెనీది. కంపెనీకి మొహం ఉండదు, సూపు కాయడం రాదు. శుక్రవారం శుక్రవారం ఒక మనిషి వచ్చి అద్దె తీసుకుని, గోడకి చెమ్మ ఎంత పాకిందో చూసి, నా వైపు చూడకుండా పోతాడు. అంతే. వారం వారం జనాన్ని నవ్వించాలంటే గదిలో ఇంకో మనిషి ఉండాలి కదా, అందుకని పెట్టాను.

చేపలు క్రిస్మస్ రోజు నేనే తిన్నాను, టైపు మిషను ఎదురుగా కూర్చుని. దానికీ ఒకటి వడ్డించాను, ముట్టుకోలేదు.

బెరిల్ మాత్రం నిజమే. తొడుగులు ఇచ్చాను. వేళ్ళు చాపి చాలాసేపు చూసుకుంది. ఆ పిల్లకి వాన చప్పుడొక్కటే ఇష్టం. మిగతా చప్పుళ్ళన్నీ దాన్ని పాడు చేయడానికే పుట్టాయంటుంది. నాతో కచేరీకి వచ్చి, మొదటి నుంచి చివరిదాకా చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంది. అది కూడా రాస్తే బాగుంటుంది.

హాస్యానికి చెప్పడం లేదు, అక్కా. నిజంగానే చెప్తున్నాను.

రోలండ్


ఫ్లీట్‌వుడ్
9 జనవరి 1974

ఓరి భడవా,

నీ ఉత్తరం చర్చి ఆడవాళ్ళకి చదివి వినిపించాను. కంపెనీకి మొహం ఉండదన్న దగ్గర ఒకావిడకి పొలమారింది. టైపు మిషనుకి చేప వడ్డించావని చదివేసరికి ఇక నేనే చదవలేకపోయాను. పత్రికలో కంటే ఉత్తరంలోనే బాగా రాస్తావురా నువ్వు.

అయితే మీ బావ ఒక మాట అన్నాడు. "వాడు ఆవిడతో ఏదో గొడవ పెట్టుకున్నాడు, అందుకే లేదంటున్నాడు" అని. నాకూ అదే అనుమానం. పెట్టే చేతిని దూరం చేసుకోకు. నీ నోటి దురుసు చిన్నప్పటి నుంచీ నాకు తెలియనిది కాదు. చేపలు ఆవిడకి నచ్చాయో లేదో కూడా రాయలేదు. వెళ్ళి తప్పయిందని చెప్పు.

బెరిల్‌ని అడిగానని చెప్పు. దూది సంగతి మాత్రం పత్రికలో రాయకు. ఆడపిల్ల, నొచ్చుకుంటుంది.

అక్క


లండన్
3 జూన్ 1976

అక్కకి, బావకి,

ఉత్తరం రాసి చాలా కాలమైంది, తిట్టుకో. ఈ మధ్య మీ తమ్ముడు కాస్త పెద్దవాడయ్యాడు. చివరి పేజీలన్నీ కలిపి పుస్తకంగా వేశారు. రేడియో వాళ్ళు పిలిచి, అవే మాటలు నా గొంతుతో చదివించారు. కొత్త గుంపుల వాళ్ళు నా ఎదుట పడితే మొహం తిప్పుకుంటారు. వెనక నుంచి మాత్రం "మా గురించి ఎప్పుడు రాస్తాడు, తిట్టినా పరవాలేదు" అని కబురు పెడతారు. ఒక పాటగాడిని "జలుబు చేసిన దూడ" అన్నానని వాడి అభిమానులు ఆఫీసుకి నిజంగానే దూడకి పట్టే మందు పంపారు.

ఇక్కడ అందరూ బాగున్నారు. మిసెస్ పాగ్సన్ నీ చేపల్ని ఇప్పటికీ తలుచుకుంటుంది. బెరిల్ కూడా బాగుంది.

చెవిలో కూత మాత్రం తెల్లారినా తగ్గడం లేదు. కుడి వైపు మరీను.

రోలండ్


ఫ్లీట్‌వుడ్
17 అక్టోబరు 1976

రోలీకి,

నీ పుస్తకం బాంబర్ గారు కొట్టు కిటికీలో పెట్టాడు. కింద 'మన ఊరి కుర్రాడు' అని రాసి.

ఇక్కడ ఓడలన్నీ ఒక్కొక్కటే రేవులో కట్టేస్తున్నారు. ఐస్‌లాండు దగ్గరికి ఇక వెళ్ళకూడదని అయిపోయింది కదా. మీ బావ ఓడ కూడా కట్టేశారు. ఆయన ఇంట్లోనే ఉంటున్నాడు. హూవరు, అదే ఆ దుమ్ము పీల్చే మిషను, పట్టడం నేర్చుకున్నాడు. ముందు గది కార్పెట్ మీద పొద్దున్నే మొదలుపెడతాడు.

మేం బాగానే ఉన్నాం. బెరిల్ ఇన్నేళ్ళ నుంచీ ఆ కొట్లోనే ఉందంటే ఓపిక గల పిల్లే. దాన్ని ఇంకా ఎన్నాళ్ళు అలా ఉంచుతావు?

అక్క


ఫ్లీట్‌వుడ్
2 డిసెంబరు 1976

రోలీకి,

పత్రిక చూశాం. కార్పెట్ మీద హూవరుతో వల వేసే నావికుడి కథ ఊరంతా చదివింది. మీ బావ కూడా నవ్వాడు. బొత్తాలు, పిన్నులు, తప్పిపోయిన సాక్సు ఒకటి పట్టి "ఇవాళ్టికి ఇదే వేట" అంటాడని రాశావు చూడు, రేవులో వాళ్ళు కనబడినప్పుడల్లా "వాల్టర్, ఇవాళ వేట ఎలా ఉంది?" అని అడుగుతున్నారు. ఆ పేజీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఎందుకో గానీ ఈ మధ్య హూవరు నేనే తిప్పుకుంటున్నాను.

చలి ఎక్కువైంది. మెడకి ఏదైనా చుట్టుకో.

అక్క


ఫ్లీట్‌వుడ్
20 సెప్టెంబరు 1979

రోలీకి,

చాన్నాళ్ళకి రాస్తున్నాను. నీ చుట్టూ అంతమంది ఉంటారు, ఎక్కడ తీరికలే అని నేనే రాయడం తగ్గించాను. మధ్యలో నా గొడవలెందుకని.

మీ బావ బాగా అలిసిపోతున్నాడు. డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నాడు. మంచం ముందు గదిలోకి మార్చాం, కిటికీ పక్కన. అక్కడి నుంచి రేవు కనబడదు గానీ గాలి తెలుస్తుందంటాడు. ఇంకా ఎక్కువ చేయడానికి ఏమీ లేదని డాక్టరే అన్నాడు. ఉన్నన్నాళ్ళు విశ్రాంతి.

నీకు వీలు ఉంటే ఒకసారి రా. బలవంతం ఏం లేదు.

అక్క


లండన్
6 అక్టోబరు 1979

అక్కా,

ప్రపంచంలో డాక్టరు చీటీతో పడుకునే అదృష్టం బావకే పట్టింది. నాకూ ఒకటి రాయించు. ఎక్కువ చేయడానికి ఏమీ లేదని డాక్టరే చెప్పాడా? నేను పుట్టినప్పటి నుంచీ అదే చెప్తున్నాను, నా మాట ఎవరూ వినలేదు.

వచ్చే వారం ఒక గుంపుతో జర్మనీ వెళ్తున్నాను. ఊరికో రోజు. పోయే లోపు నాలుగు వారాల పేజీలు ముందే రాసి ఇచ్చి పోవాలి. బావ విశ్రాంతి మీద ఒకటి రాసేశాను, నవ్వుకుంటాడు. తిరిగి రాగానే మీ దగ్గరికి వస్తాను.

అన్నట్టు నాకు చెవుడు వచ్చేస్తోంది. కుడి చెవి దాదాపు అయిపోయింది. సంగీత విలేఖరికి ఇంతకంటే మంచి అర్హత లేదు, అయినా ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

రోలండ్


ఫ్లీట్‌వుడ్
3 నవంబరు 1979

రోలండ్‌కి,

మీ బావ మంగళవారం పోయాడు. నీ ఆఫీసుకి తంతి ఇచ్చాం, నువ్వు జర్మనీలో ఏ ఊళ్ళో ఉన్నావో వాళ్ళకి తెలియదన్నారు. శుక్రవారం సమాధి చేశాం. ఓడ వాళ్ళందరూ వచ్చారు.

పత్రిక గురువారం వచ్చింది. ఆ వేళ శవపేటిక చేసే ఆయన ఇంట్లోనే ఉన్నాడు. బాంబర్ గారు కొట్లో ఎప్పుడూ ముందు తనే చదివేవాడు కదా, ఆ వారం చదివి, నాకు ఇవ్వకుండా కౌంటరు కింద దాచాడు. పక్కింటి పిల్ల వేరే చోట కొని తెచ్చి, పాపం మంచికే అనుకుని, నా చేతిలో పెట్టింది. "మా బావ పడుకున్న తీరు చూసి పేటికల వాళ్ళు మెల్లగా వచ్చి కొలతలు తీసుకుని పోతుంటారు" అని ఉంది అందులో.

నేను ఏడవలేదు. ఆ పేటికలాయన కొలతల టేపు చుట్టుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను.

బెరిల్‌కి, మిసెస్ పాగ్సన్‌కి తెలియజెయ్యి. ఆవిడ ఎప్పుడూ ఆయన్ని అడుగుతుంటుందని రాసేవాడివి.

ఈనిడ్ సాల్ట్‌హౌస్


లండన్
11 నవంబరు 1979

అక్కా,

నిన్న వచ్చాను. నీ ఉత్తరం తలుపు కింద ఉంది.

విశ్రాంతి అంటే విశ్రాంతి అనుకున్నాను. నీ సెప్టెంబరు ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. అందులో అంతా ఉంది. ఉన్నన్నాళ్ళు అని కూడా రాశావు. నేను దాన్ని చదువుతున్నప్పుడే అందులోంచి ఏం తీసుకోవచ్చా అని వెతుక్కున్నాను. ఇప్పుడు ఏ కాగితం చేతికొచ్చినా అలాగే చదువుతున్నాను, ఆ పని ఆపడం నా వల్ల కావడం లేదు.

రేపు బయల్దేరి రమ్మంటావా? నువ్వు రమ్మంటేనే వస్తాను. గుమ్మంలో నిలబడి ఏం చెప్పాలో తెలియడం లేదు.

రోలీ


లండన్
15 ఫిబ్రవరి 1981

అక్కా,

నువ్వు జవాబు ఇవ్వకపోయినా రాస్తున్నాను. ఇది ఎన్నో ఉత్తరమో లెక్క పెట్టుకోవడం మానేశాను.

పత్రిక నుంచి నన్ను తీసేశారు. డిసెంబరులో ఒక గుంపు కచేరీకి వెళ్ళాను. ఈ మధ్య వేదిక మీద వాళ్ళ చేతులు చూసి, జనం తలలు చూసి రాస్తున్నాను. గిటారు వాడు మెల్లగా వేళ్ళు కదుపుతున్నాడు, జనం కదలకుండా నిలబడ్డారు. "ఇంత నెమ్మదైన పాట ఈ ఏడాది వినలేదు" అని రాశాను. ఆ సమయంలో ఆంప్లిఫయర్ పాడైపోయి హాలంతా భరించలేని గీ మని కూత వస్తోందట. జనం చెవులు మూసుకుని నిలబడ్డారు. నేను అది మర్యాద అనుకున్నాను. కొత్త ఎడిటర్ కుర్రవాడు. గదిలోకి పిలిచి చాలాసేపు మాట్లాడాడు. పెదాలు చూస్తుంటే మంచిగానే మాట్లాడినట్టున్నాడు.

ఆ రాతని మాత్రం జనం తెగ మెచ్చుకున్నారట. నేను ఎగతాళికి రాశాననుకున్నారు.

అక్కా, మిసెస్ పాగ్సన్ ఎప్పుడూ లేదు. బెరిల్ ఉండేది, ఒక్క చలికాలం. నువ్వు వద్దన్నా దూది సంగతి రాశాను. పత్రిక తెచ్చి నా బల్ల మీద పెట్టి, తొడుగులు తీసి దాని మీద పెట్టి వెళ్ళిపోయింది. తర్వాత ఇన్నేళ్ళూ చివరి పేజీలో ఉన్న బెరిల్ నేను నడిపించిన బొమ్మ. నీకు బాగుందని రాస్తూ వచ్చాను, బాగుందనే అనుకుంటున్నాను, ఎక్కడుందో తెలియదు.

ఎవరూ లేరు అని నీకు చెప్పినప్పుడు నువ్వు నవ్వావు. నీ తప్పు కాదు. నవ్వేటట్టు రాశాను.

రోలీ


ఫ్లీట్‌వుడ్
8 జూన్ 1981

రోలండ్‌కి,

ఇది ఆఖరి ఉత్తరం అనుకుని రాస్తున్నాను. తర్వాత నువ్వు రాయనక్కరలేదు, నేను చదవనక్కరలేదు.

నీ ఫిబ్రవరి ఉత్తరం చదివి చాలా రోజులు ఊరుకున్నాను. ఇందులో ఏది నిజమో, ఏది పేజీ కోసం రాసిందో తేల్చుకోలేకపోయాను. చెవుడు అంటావు. సంగీతం రాసేవాడికి చెవుడు ఏమిటి? ఈయన పోకముందు కూడా ఇదే రాశావు, హాస్యం పట్టించి.

అయినా మనసు ఆగలేదు. మే నెలలో మా చర్చి వాళ్ళు పూల ప్రదర్శనకని లండన్‌కి బస్సు వేస్తే వచ్చాను. పూలు చూడటానికి వాళ్ళని పంపేసి, దారి అడుక్కుంటూ మీ ఇంటికి వచ్చాను. గంట కొట్టాను. పై అంతస్తు అతను కిటికీలోంచి వంగి, "ఉన్నాడు, గట్టిగా కొట్టండి" అన్నాడు. కొట్టాను. పక్కకి వచ్చి కిటికీలోంచి చూస్తే బల్ల దగ్గర కూర్చుని ఉన్నావు. గదిలో లైటు వెలుగుతోంది. నీ తల నెరిసింది. కిటికీ అద్దం మీద వేలితో తట్టాను. తల వంచుకుని టైపు చేసుకుంటున్నావు. పేరు పెట్టి పిలిచాను. నేను పెంచిన పిల్లాడివి, వీధిలో ఇంతమంది చూస్తుండగా నీ పేరు పెట్టి అరిచాను. తల ఎత్తలేదు.

కాసేపు నిలబడ్డాను. వాన మొదలైంది. అప్పుడు అర్థమైంది, నువ్వు చూడదలుచుకోలేదని. బస్సు దగ్గరికి వెళ్ళిపోయాను. అందరూ పూల గురించి చెప్తుంటే ఊఁ కొట్టాను.

బాగుండు.

ఈనిడ్


లండన్
10 జూన్ 1981

అక్కా,

నాకు వినబడలేదు.

గంట వినబడదు. తలుపు కొట్టినా వినబడదు. శుక్రవారం అద్దె మనిషి వస్తే కిటికీ ముందుకొచ్చి చేతులు ఊపుతాడు. ఆ వేళ నేను ఏం టైపు చేస్తున్నానో గుర్తు చేసుకుందామని చూశాను. మే నెలలో రాసినవన్నీ నీకు రాసి పంపనివే. నీకే రాస్తూ ఉండి ఉంటాను.

నువ్వు అంత దగ్గరగా వచ్చి నిలబడ్డావని తెలిశాక కుర్చీలో కూర్చోలేకపోతున్నాను. బల్ల గోడ వైపు తిప్పేశాను, మళ్ళీ కిటికీ వైపే తిప్పాను.

డాక్టరు రాసిచ్చిన కాగితం పెడుతున్నాను. అది నేను రాసింది కాదు. రెండు చెవులూ పోయాయి, తిరిగి రావు.

వచ్చి నన్ను చూడమని అడగడానికి నాకు మొహం లేదు.

రోలీ


ఫ్లీట్‌వుడ్
13 జూన్ 1981

రోలీకి,

కాగితం చూశాను. బాంబర్ గారికి చూపించి చదివించుకున్నాను, నేను ఏడుస్తూ ఉంటే అక్షరాలు కనబడలేదు.

అద్దం మీద ఇంకొంచెం గట్టిగా కొట్టాల్సింది. రాయి పెట్టి పగలగొట్టాల్సింది. ఆ మాత్రం తెలివి నాకు లేకపోయింది.

వచ్చే శనివారం బండికి రా. టైపు మిషను తెచ్చుకో, మిగతా చెత్త వదిలెయ్యి. వెనక గది నీది. నువ్వు నవ్వించనక్కరలేదు. వాల్టర్ మంచం తీసేశాను, ముందు గది ఖాళీగా ఉంది, అక్కడ కూర్చుని ఏం రాసుకుంటావో రాసుకో. రానంటే మాత్రం నేనే మళ్ళీ బస్సెక్కుతాను. ఈసారి రాయి తెస్తాను.

స్టేషనులో ప్లాట్‌ఫాం మీదే ఉంటాను. పిలవను, చెయ్యి పట్టుకుంటాను.

అక్క


ఫ్లీట్‌వుడ్, వంటింట్లోంచి
24 జూలై 1983

రోలీకి,

ఒకే ఇంట్లో ఉండి ఉత్తరమేమిటి అనుకుంటావు. మనం మాట్లాడుకోవడానికి పెట్టుకున్న పలక మీద రాస్తే "టీ తాగు", "గొడుగు పట్టుకో" తప్ప పట్టడం లేదు. ఇవాళ కొంచెం ఎక్కువ రాయాలి. నువ్వు లేచేసరికి తలుపు కింద ఉంటుంది.

నిన్న సముద్రపు ఒడ్డున గనుల ఊరి బాకాల బ్యాండు వాయించినప్పుడు, ఎలా ఉందని నువ్వు పలక ఇచ్చావు. "బాగుంది" అని రాశాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. ఇన్నేళ్ళు నువ్వు ఊళ్ళు తిరిగి, విన్నది మాకు రాసి పంపావు. నన్ను అడిగితే ఒక్క ముక్క రాసిచ్చాను.

నాకు సంగీతం తెలియదు. తోచింది రాస్తున్నాను. మొదటి పాట ఒకేసారి అందరూ మొదలుపెట్టారు, పిల్లలు ఉలిక్కిపడ్డారు. పెద్ద గొట్టం ఊదే లావాటాయన బుగ్గలు నువ్వూ చూశావు, ఆ చప్పుడు కుర్చీ కాళ్ళలోంచి పైకి వచ్చింది. నీకు కూడా తెలిసిందేమో, అప్పుడు కాళ్ళవైపు చూసుకున్నావు. రెండోది పెళ్ళిళ్ళలో వాయించే రకం. మధ్యలో గాలి అటు తిరిగి కొంత ముక్క సముద్రం వైపు పోయింది, ఎవరికీ వినబడలేదు.

ఆఖరిది ఒక్క పిల్ల వాయించింది, చిన్న బాకా. మిగతావాళ్ళు ఆపేసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. చాలా మెల్లగా వాయించింది. ఎంత మెల్లగా అంటే నా పక్కన నీ ఊపిరి నాకు వినబడుతోంది. ఒక చోట తప్పింది, ఆగి, ఆ ముక్క మళ్ళీ అందుకుంది. ఎవరూ ఏమీ అనుకోలేదు. మీ బావ రేవులోకి రాక ముందు, ఓడ కనబడకుండా కూత మాత్రం వినబడేది చూడు, నేను టవలు ఆరేస్తూ ఆగిపోయేదాన్ని, అలా ఆగిపోయాను. అందుకే నా కళ్ళు అలా ఉన్నాయి. ఏమైందని అడిగావు, గాలి అని రాశాను. గాలి కాదు.

అయిపోయాక జనం లేచి చప్పట్లు కొట్టారు. నువ్వు వాళ్ళని చూసి మొదలుపెట్టావు. తర్వాత ఆ పిల్ల మొహం వైపే చూస్తూ ఉన్నావు. జనం ఆపేశారు, కుర్చీలు మడుస్తున్నారు, నువ్వు ఇంకా కొడుతున్నావు. ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. ఆ పిల్ల కూడా చూసింది.

నీ చెయ్యి పట్టుకుని ఆపుదామనుకున్నాను. ఆపలేదు. సంచి కింద పెట్టి నేనూ కొట్టాను.

అక్క